ఒక డిస్కు, ఇద్దఱు కరణములు : ఫైలు వ్యవస్థలను పంచుకొను సాధనముల చరిత్ర

దక్షిణాంధ్ర వాఙ్మయ చరిత్రను వ్రాసిన పండితులు మధుర, తంజావూరు నాయకరాజుల యాస్థానములలో పుట్టిన ప్రబంధములను, యక్షగానములను, వచన కావ్యములను బహుధా ప్రశంసించియున్నారు. ఆ గ్రంథములు పుట్టిన విధము మనకు కొంతవఱకు తెలియును. అవి నిలిచిన విధమును గుఱించి మాత్రము మనము తక్కువగా నాలోచించితిమి. రాజ్యములు పోయిన పిదప వానిని దాచినవారు పలుభాషలవారు. తంజావూరు సరస్వతీ మహలులో తెలుగు తాళపత్రములు సంస్కృత, తమిళ, మరాఠీ గ్రంథముల సరసన నిలిచినవి. 1869లో ఏర్పడిన మదరాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునను అదే తీరు. మధురలోనే మఱొక నిదర్శనము కలదు. త్యాగరాజస్వామి (1767–1847) శిష్యులగు వాలాజాపేట వేంకటరమణ భాగవతారు (1781–1874) సౌరాష్ట్రభాష మాటలాడు కుటుంబమువారు. వాలాజాపేట ప్రతులని ప్రసిద్ధి కెక్కిన త్యాగరాజ కృతుల వ్రాతప్రతులు మధుర సౌరాష్ట్ర సభకు చేరి భద్రపడినవి. తమిళదేశమున పుట్టిన తెలుగు పాట సౌరాష్ట్రుల పెట్టెలో నిలిచినది.

నేడు మన వ్రాతలు తాళపత్రములమీద లేవు. కంప్యూటరు డిస్కులమీద నున్నవి. కోయంబత్తూరు, మధుర ప్రాంతములలోని మన కుటుంబముల వంశావళులు, కులదైవముల పాటలు, సంఘముల జమాఖర్చులు, పాఠశాలల తెలుగు ప్రశ్నపత్రములు, ఇట్టి సంచికల అచ్చుప్రతులు సయితము ఆ డిస్కులలోనే దాగియున్నవి. ఒక వ్యవస్థ వ్రాసిన డిస్కును మఱొక వ్యవస్థ చదువగలదా యను ప్రశ్న కావున యంత్రజ్ఞులకు మాత్రమే సంబంధించినది కాదు; పరభాషాప్రాంతమున తన సొత్తును కాపాడుకొనవలసిన ప్రతి సమాజమునకును సంబంధించినది. 1977 మొదలు నేటివఱకు ఈ ప్రశ్నకు దొరకిన సమాధానముల చరిత్రను సంగ్రహముగా చెప్పి, దానివలన మనము గ్రహింపదగినదానిని సూచించుట ఈ వ్యాసోద్దేశము.

1. లెక్క తెలియని కరణము

కంప్యూటరు డిస్కును ఒక గ్రామపు భూమితో పోల్చవచ్చును. ఆ భూమి యంతయు సమానమైన చిన్న తునకలుగా కొలువబడి, తునక తునకకు ఒక సంఖ్య యీయబడి యుండును. ఒక ఫైలును వ్రాసినపుడు అది యంతయు ఒకేచోట నుండవలెనను నియమము లేదు. కొంత భాగము నూఱవ తునకలోను, మిగిలినది అయిదువేలవ తునకలోను ఉండవచ్చును. ఏ ఫైలు ఎచ్చట మొదలయినది, ఎచ్చటికి సాగినది, దాని పేరేమి, ఎప్పుడు వ్రాయబడినది, ఏ తునక ఖాళీగా నున్నది యను వివరములు గల లెక్క యొకటి ఆ డిస్కుమీదనే వేఱుగా నుండును. మన గ్రామములలో కరణములు వ్రాసిన చిట్టా, అడంగలు మొదలగు లెక్కల వంటిదే యిది. ఈ లెక్క వ్రాయు పద్ధతికి ఫైలు వ్యవస్థ యని పేరు.

కంప్యూటరును నడపు మూల ప్రోగ్రామును ఆపరేటింగు సిస్టమందురు. విండోస్, లినక్స్, మాక్ అనునవి వీనిలో ప్రసిద్ధములు. ఇవి ఆ గ్రామమునకు వచ్చిన కరణముల వంటివి. ఒక్కొక్క కరణము తన పద్ధతిలో లెక్క వ్రాసికొనును. ఒకరి లెక్క మఱొకరికి తెలియకపోయినంతమాత్రమున భూమి యెచ్చటికిని పోదు, పైరును పోదు. కాని క్రొత్తగా వచ్చిన కరణము దానిని బంజరని వ్రాసివేయు ప్రమాదము కలదు. లినక్స్ వ్రాసిన డిస్కును విండోసు కంప్యూటరునకు తగిలించినపుడు, 'ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాటు చేయవలెను' అను మాట తెరమీద కనబడుట పలువురు చూచియుందురు. అది బంజరు క్రింద వ్రాసికొనుటకు మన యనుమతిని కోరుటయే. తెలియక సమ్మతించినచో పాత లెక్క పోవును.

ఈ చిక్కును దాటుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, ఎదుటి కరణము లెక్క వ్రాసిన తీరును నేర్చుకొని, డిస్కును స్వయముగా చదువుట. రెండవది, డిస్కును దాని కరణము చేతనే యుంచి, కావలసిన ఫైలును అడిగి తెప్పించుకొనుట. రెండవ మార్గమున ఇద్దఱికిని నడుమ దుబాసీ యొకడు కావలసియుండును. ఈ యేబది యేండ్ల చరిత్రలో వచ్చిన సాధనములన్నియు ఈ రెండు తెగలలో ఏదో యొకదానికి చెందినవే.

2. సంతభాష

చిన్న కంప్యూటర్ల లోకమున మిక్కిలి వ్యాపించిన లెక్క పద్ధతి 'ఫాట్' అనునది. ఫైళ్ల కేటాయింపు పట్టిక యని దీనికి అర్థము. 1977లో మైక్రోసాఫ్టు సంస్థయందు మార్క్ మెక్‌డొనాల్డ్ దీనిని బేసిక్ భాషా ప్రోగ్రాము కొఱకు రచించెను. 1980లో టిమ్ ప్యాటర్సన్ తాను నిర్మించిన ఆపరేటింగు సిస్టములో ఈ భావమును ప్రవేశపెట్టెను. అదియే 1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరుతో 'డాస్' అను పేర లోకమున కెక్కెను. ఈ పద్ధతి మిక్కిలి సరళమైనది. ప్రతి తునకకు ఒక గడి. ఆ గడిలో తరువాతి తునక సంఖ్య. అంతకు మించిన గూఢము లేదు. అందుచేత దీనిని నేర్చుకొనుట యితరులకు కష్టము కాలేదు.

1980ల దశకములోనే ఎమ్మెట్ గ్రే యనునాతడు 'ఎం-టూల్స్' అను సాధనముల కట్టను యూనిక్స్ కంప్యూటర్ల కొఱకు వ్రాసెను. యూనిక్స్ అనునది విశ్వవిద్యాలయములలోను పెద్ద సంస్థలలోను వాడబడిన వేఱొక వ్యవస్థ. ఈ సాధనములు డాస్ ఫ్లాపీని దాని పట్టిక ననుసరించి చదివి, ఫైళ్లను నకలు తీసి యిచ్చుచుండెను. మాక్ కంప్యూటర్లును పిమ్మట ఈ పద్ధతిని నేర్చినవి. తరువాత వచ్చిన కెమెరాలు, సంగీతపు పెట్టెలు, సెల్‌ఫోనులు నన్నియు నేర్చినవి. పొల్లాచ్చి సంతలో తెలుగు రైతు, మలయాళ వర్తకుడు, తమిళ దళారి నాలుగు పొడిమాటలతో బేరము కుదుర్చుకొందురు గదా! అట్టి సంతభాష ఫాట్.

సంతభాషలో బేరము కుదురును గాని కావ్యము చెప్పుట కుదురదు. ఫైలు పేరునకు ఎనిమిది అక్షరములు, తోకకు మూడక్షరములు మాత్రమే తొలినాటి నియమము. అవియు రోమను లిపిలోనివే. తెలుగు వ్యాసమునకు తెలుగు పేరు పెట్టుట అసాధ్యము. 1995లో విండోస్ 95తో 255 అక్షరముల దీర్ఘనామములు, యూనికోడు సంకేతములతో, సాధ్యమైనవి. 1996లో 'ఫాట్ 32' వచ్చెను. దానిలో ఒక్క ఫైలు 4 గిగాబైట్లకు లోబడి యుండవలెను. ఒక పాటకచేరి చలనచిత్రము ఆ కొలతను సులభముగా మీఱును.

ఈ సంతలోను సుంకములు లేకపోలేదు. దీర్ఘనామముల పద్ధతిపై మైక్రోసాఫ్టు సంస్థకు పేటెంటు హక్కులుండెను. 2009 ఫిబ్రవరిలో ఆ సంస్థ, లినక్స్ మీద నడచు దారిచూపు యంత్రములను చేయు డచ్చి సంస్థయగు టామ్‌టామ్‌పై ఇట్టి హక్కులను పురస్కరించుకొని వ్యాజ్యము వేసెను. మార్చిలో ఉభయులును రాజీపడిరి. అందఱును వాడునదంతయు అందఱి సొత్తు కాదని ఈ వ్యాజ్యము లోకమునకు చాటెను.

3. దుబాసీలు

పెద్ద సంస్థలలో పలువురు తయారుచేసిన యంత్రములు ఒకేచోట నుండుట 1980ల నాటికే మామూలయ్యెను. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు 1984 ప్రాంతమున నిర్మించి 1985లో వెలువరించిన 'ఎన్.ఎఫ్.ఎస్.' అను పద్ధతి యొక యంత్రములోని ఫైళ్లను తీగ మీదుగా మఱొక యంత్రమునకు అందించెను. అడుగు యంత్రమునకు డిస్కు లెక్క తెలియనక్కఱలేదు. అడిగెడు రీతి తెలిసిన చాలును. సన్ సంస్థవారు ఆ రీతిని రహస్యముగా నుంచలేదు. 1989లో దాని వివరణము బహిరంగ పత్రముగా ప్రకటింపబడెను. అందుచేత ఇతర సంస్థలవారును తమ తమ యంత్రములలో దానిని చేర్చుకొనిరి.

విండోసు తెగ కంప్యూటర్లు ఫైళ్లను అడిగెడు రీతి వేఱు. దానికి 'ఎస్.ఎం.బి.' యని పేరు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని జాతీయ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా నున్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1991 డిసెంబరు, 1992 జనవరి నెలలలో ఒక దుబాసీని నిర్మించెను. అతని బల్లమీద డాస్ కంప్యూటరు. దూరమున యూనిక్స్ కంప్యూటరు. రెంటికి నడుమ ఫైళ్లు నడువవలెను. ఆ సంభాషణకు వ్యాకరణ గ్రంథము అతనికి దొరకలేదు. తీగలో పోవుచున్న సందేశములను ఒక్కొక్కటిగా పట్టి చూచి, ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చుచున్నదో గుర్తించి, ఆ జవాబులనే తన యంత్రము చేత చెప్పించెను. ఎస్, ఎం, బి యను అక్షరములు వరుసగా వచ్చు మాటకొఱకు పదముల పట్టికను వెదకగా 'సాంబా' అను మాట దొరకినది. అదియే ఆ సాధనమునకు స్థిరమైన పేరయ్యెను.

మన కోయంబత్తూరువారికి ఈ రీతి క్రొత్త కాదు. కలంగల్ గ్రామమున పుట్టిన జి. డి. నాయుడుగారు (1893–1974) యౌవనమున ఒక ఆంగ్లేయోద్యోగి మోటారుసైకిలును కొని, విప్పి, మఱల కూర్చి యంత్రవిద్య నేర్చిరని ఆ ఊరిలో నేటికిని చెప్పుకొందురు. భేద మొక్కటే. నాయుడుగారు యంత్రమును విప్పి నేర్చిరి. ట్రిడ్జెల్ యంత్రమును విప్పక, గోడ యావల నుండి మాటలు విని భాష నేర్చెను. పసిపిల్ల తల్లి మాట విని నేర్చునట్టి విద్య యది.

వినికిడి మీద నేర్చిన భాషలో సందేహములు మిగులును. విండోసు మాఱినపుడెల్ల సాంబా నిర్మాతలు మరల చెవియొగ్గవలసి వచ్చెను. 2004లో ఐరోపా కమిషను మైక్రోసాఫ్టు సంస్థకు అపరాధము విధించి, ఇతర వ్యవస్థలు దానితో మాటలాడుటకు కావలసిన వివరములను తెలుపవలెనని ఆజ్ఞాపించెను. 2007 సెప్టెంబరులో న్యాయస్థానము ఆ నిర్ణయమును స్థిరపఱచెను. అదే సంవత్సరము డిసెంబరులో సాంబా బృందము కొఱకు ఒక సంస్థ 10,000 యూరోలు చెల్లించి ఆ వివరణ పత్రములను పొందెను. పదునాఱేండ్లు చెవితో విన్న భాషకు ఆనాటికి వ్యాకరణము చేతికి వచ్చెను.

4. రెండు లెక్కల కథ

1993లో మైక్రోసాఫ్టు 'విండోస్ ఎన్.టి.'తో పాటు 'ఎన్.టి.ఎఫ్.ఎస్.' అను క్రొత్త లెక్క పద్ధతిని వెలువరించెను. అదే సంవత్సరము లినక్స్ లోకమున రెమీ కార్డ్ మొదలగువారు 'ఎక్స్ట్ 2' అను పద్ధతిని వెలువరించిరి. ఒకే యేట పుట్టిన ఈ రెండు లెక్కల చరిత్రను ప్రక్కప్రక్కన నుంచి చూచిన మన విషయము స్పష్టపడును.

ఎన్.టి.ఎఫ్.ఎస్. లోపలి వివరములు సంపూర్ణముగా ప్రకటింపబడలేదు. 1990లలో మార్టిన్ ఫాన్ లోవిస్ లినక్స్ కొఱకు దానిని చదువు సాధనమును వ్రాసెను. చదువుట వఱకు క్షేమమే. వ్రాయుట మిక్కిలి ప్రమాదకరముగా నుండెను. ఒక గడి తప్పి వ్రాసినచో ఇతరుల లెక్క యంతయు చెడును. 2000 తరువాత ఆంటన్ అల్టాపర్మకోవ్ ప్రభృతులు దానిని తిరిగి వ్రాసిరి. 2003లో యాన్ క్రాటోఖ్విల్ విచిత్రమైన ఉపాయము పన్నెను. తాను లెక్క నేర్చుకొనుటకు బదులు, విండోసులోని గుమాస్తా ప్రోగ్రామునే తెచ్చి లినక్స్ లోపల కూర్చుండబెట్టి పని చేయించెను. బందీ యను అర్థము గల ఆంగ్లపదమే దానికి పేరు.

2005లో 'ఫ్యూజ్' అను ఏర్పాటు లినక్స్ మూలములో చేరెను. అంతకుముందు డిస్కు లెక్క చదువు ప్రోగ్రాము కచేరీ గర్భములోనే కూర్చుండవలసి యుండెను. అది పొరపడినచో కంప్యూటరంతయు నిలిచిపోవచ్చును. ఫ్యూజ్ వచ్చిన పిదప వరండాలో కూర్చున్న వ్రాతగాడును ఆ పని చేయగలిగెను. ఆ యాధారముతో 2006లో సబోల్చ్ సకాచిచ్ 'ఎన్.టి.ఎఫ్.ఎస్.-3జి' యను సాధనమును ప్రకటించెను. 2007 ఫిబ్రవరిలో దాని స్థిరరూపము వెలువడెను. చదువుటయే గాక నిర్భయముగా వ్రాయుటయు సాధ్యమయ్యెను. 2021లో పారగాన్ సంస్థవారు వ్రాసిన మఱొక సాధనము లినక్స్ మూలములోనే చేరెను. ఒక లెక్కను పరులు సంపూర్ణముగా చదివి వ్రాయగలుగుటకు పదునాలుగేండ్లు పట్టినదని దీని సారాంశము.

ఎక్స్ట్ 2 కథ వేఱు. దాని మూలప్రోగ్రాము మొదటినుండియు బహిరంగము. జాన్ న్యూబిగిన్ 'ఎక్స్‌ప్లోర్ 2 ఎఫ్.ఎస్.' అను దానిని, స్టెఫాన్ ష్రైబర్ 'ఎక్స్ట్ 2 ఐ.ఎఫ్.ఎస్.' అను దానిని, మాట్ వూ 'ఎక్స్ట్ 2 ఎఫ్.ఎస్.డి.' అను దానిని విండోసు కొఱకు నిర్మించిరి. ఎవరి యనుమతియు వారికి అక్కఱలేకపోయెను. అయినను బహిరంగతయే సర్వరోగ నివారిణి కాదు. 2008లో 'ఎక్స్ట్ 4' స్థిరపడిన పిదప పాత సాధనములు కొన్ని క్రొత్త లెక్కను చదువజాలకపోయెను. వ్యక్తులు అలసిన చోట సాధనములును నిలిచిపోవును. కాని దారి మూసికొనిపోలేదు. మఱొకరు వచ్చి నడువవచ్చును. 2020లో మైక్రోసాఫ్టే తన విండోసులోపల లినక్స్‌ను నడిపి, దాని ద్వారా లినక్స్ డిస్కులను తగిలించుకొను ఏర్పాటు చేసెను.

ఇంతలో సంతభాషయు పెరిగెను. 2006లో మైక్రోసాఫ్టు 'ఎక్స్‌ఫాట్' అను పద్ధతిని తెచ్చెను. దానిలో ఫైలునకు 4 గిగాబైట్ల హద్దు లేదు. 2009లో పెద్ద మెమరీ కార్డులకు అదియే ప్రమాణమయ్యెను. వివరములు మాత్రము పదుమూడేండ్లు మూసియుండెను. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్టు వానిని ప్రకటించి, లినక్స్‌లో చేరుటకు సమ్మతించెను. ఆ నవంబరులోనే తాత్కాలిక రూపమున, 2020లో సామ్‌సంగ్ వారి సాధనముతో స్థిరరూపమున, అది లినక్స్‌లో చేరెను. పదుమూడేండ్లు నిలిచిన పని వివరములు ప్రకటితమైన మూడు నెలలలో నెఱవేఱినది.

5. తమిళనాట ఒకే డిస్కుమీద ఇద్దఱు

ఈ చరిత్ర మన బడిపిల్లల చేతికి వచ్చిన విధమును చూతము. 2007లో సీ-డాక్ సంస్థ చెన్నై కేంద్రమువారు 'బాస్' అను భారతీయ లినక్స్‌ను వెలువరించిరి. తెలుగు మొదలగు భారతీయ భాషలలో వాడుకొనుటకు అది వీలుగా నిర్మింపబడెను. 2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వము, ప్రభుత్వ పాఠశాలలలోను సహాయనిధి పొందు పాఠశాలలలోను చదువు పైతరగతుల విద్యార్థులకు, కళాశాల విద్యార్థులకు ఉచితముగా లాప్‌టాప్ కంప్యూటర్ల నిచ్చు పథకమును ప్రారంభించెను. ఎల్కాట్ అను ప్రభుత్వ సంస్థ వానిని కొని పంచెను. ఆ లాప్‌టాప్‌లలో విండోసును బాస్ లినక్సును ప్రక్కప్రక్కన నుండెను. యంత్రమును వెలిగించినపుడు ఏది కావలెనో విద్యార్థి యెన్నుకొనవలెను.

ఒకే డిస్కు, దానిలో రెండు పాలు, ఇద్దఱు కరణములు. లినక్స్‌ను వెలిగించినపుడు విండోసు పాలు ఎన్.టి.ఎఫ్.ఎస్.-3జి వంటి సాధనము ద్వారా తెఱచుకొనును. విండోసును వెలిగించినపుడు లినక్స్ పాలు కానరాదు. బాస్‌లో తెలుగు వ్యాసము వ్రాసి అచ్చటనే దాచిన విద్యార్థి, మఱునాడు విండోసు వెలిగించి వెదకినచో దానిని కనుగొనజాలడు. వ్యాసము పోలేదు, వెదకువానికి లెక్క తెలియదు. ఇరువురికిని తెలిసిన పాలులో దానిని దాచియుండిన ఈ కష్టము లేదు.

2012లో వచ్చిన విండోస్ 8 తో మఱొక చిక్కు మొదలయ్యెను. త్వరగా వెలుగుటకై ఆ వ్యవస్థ ఆర్పినపుడు సంపూర్ణముగా ఆరక, లెక్క పుస్తకమును సగము తెఱచియుంచి నిద్రించును. అట్టి స్థితిలో లినక్స్ ఆ పాలును చదువుటకు మాత్రము తెఱచి, వ్రాయుటకు నిరాకరించును. అది దోషము కాదు. ఒకడు సగము వ్రాసి లేచిపోయిన పద్దులో మఱొకడు వ్రాయగూడదను వివేకము. విండోసులో ఆ త్వరిత ప్రారంభమును మాన్పించుటయే మందు.

ఇక మన ప్రత్యేకస్థితిని మఱవరాదు. 2006లో తమిళభాషాధ్యయన చట్టము వచ్చిన పిదప, పదవ తరగతి వఱకు తమిళము క్రమక్రమముగా నిర్బంధ పాఠ్యభాష యయ్యెను. భాషాల్పసంఖ్యాకులు పరీక్షలో మినహాయింపునకై న్యాయస్థానముల నాశ్రయించిరి. తెలుగు చదువు తఱిగిన కొలది, ఒక పాత డిస్కులోని ఫైలును చూచి 'ఇది మన వంశావళి, దీనిని దాచవలెను' అని గుర్తింపగల కన్నులును తఱుగును. గుర్తింపగలవారున్న ఈ తరములోనే ఆ డిస్కులు తెఱవబడవలెను.

6. తెలుగు పేర్ల తూనిక

ఫైళ్లను పంచుకొనుటలో తెలుగునకే ప్రత్యేకమైన రెండు చిక్కులు కలవు. ఆంగ్ల గ్రంథములలో ఇవి సామాన్యముగా చర్చింపబడవు గనుక ఇచ్చట వివరించుచున్నాను.

1991లో వెలువడిన యూనికోడు తొలిరూపములోనే తెలుగు లిపికి చోటు దొరకినది. కాని ఆ సంకేతములను డిస్కుమీద వ్రాయు తూనిక వ్యవస్థకు వ్యవస్థకు వేఱు. విండోసు ఒక తెలుగు సంకేతమునకు రెండు బైట్లు వాడును. లినక్స్ సామాన్యముగా మూడు బైట్లు వాడును. ఎన్.టి.ఎఫ్.ఎస్. లెక్కలో ఫైలు పేరునకు 255 సంకేతముల హద్దు. ఎక్స్ట్ 4 లెక్కలో 255 బైట్ల హద్దు. ఆంగ్లమునకు రెండును సమానమే. తెలుగునకు రెండవది 85 సంకేతములే. 'కోయంబత్తూరు' అను మాట మనకు అయిదక్షరములు. యూనికోడులో గుణింతములను, పొల్లును, సున్నను వేఱువేఱుగా లెక్కింపగా పదునొకండు సంకేతములు. లినక్స్‌లో ముప్పదిమూడు బైట్లు. అట్టి మాటలు నడుమ ఖాళీలతో ఏడు మాత్రమే పట్టును. విండోసులో సంతోషముగా పెట్టిన పొడుగు పేరు గల ఫైలు లినక్స్ డిస్కునకు నకలు కాకపోవుటకు ఇదియే హేతువు.

రెండవది ఐత్వము. యూనికోడు నియమము ప్రకారము ఐత్వమును ఒకే గుర్తుగా వ్రాయవచ్చును, ఎత్వమును దాని క్రింది గుర్తును కలిపి రెండుగాను వ్రాయవచ్చును. చూపునకు భేదము లేదు. 1998లో ఆపిల్ సంస్థ తెచ్చిన 'హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్' అను లెక్క ఫైలు పేర్లలో ఇట్టి గుర్తులను విడదీసి వ్రాసెను. విండోసు, లినక్స్ వ్యవస్థలు మనము వ్రాసినది వ్రాసినట్లుంచును. ఆ మాక్‌లో పేరు పెట్టిన ఫైలును లినక్స్‌నకు తెచ్చినచో, ఒకే సంచిలో ఒకే పేరుతో రెండు ఫైళ్లున్నట్లు కనబడవచ్చును. వెదకినపుడు ఒకటి దొరకకపోవచ్చును. మన యూళ్ల తమిళరూపములగు కోవై, మదురై యను రెండు మాటలును ఐత్వాంతములే యగుట గమనింపదగినది. 2017లో వచ్చిన 'ఏ.పి.ఎఫ్.ఎస్.' ఈ విడదీయుటను మానినది. పాత మాక్ డిస్కులు కలవారు మాత్రము ఈ సంగతిని జ్ఞప్తియం దుంచుకొనవలెను.

వీనికి తోడు, డిస్కు తెఱచుకొన్నంత మాత్రమున ఫైలులోని తెలుగు చదువుటకు రాదు. అను, శ్రీలిపి మొదలగు ఫాంటులతో వ్రాసిన పాత వ్రాతలలో తెలుగు రూపములు ఆంగ్ల సంకేతముల స్థానమున నున్నవి. ఆ ఫాంటు లేనిచోట అవి అర్థము లేని రోమను అక్షరములుగా కనబడును. ఫైలు వ్యవస్థ బీరువా తాళము. సంకేతపద్ధతి లోపలి గ్రంథపు లిపి. తాళము తీయు సాధనము లిపి నేర్పజాలదు.

7. గ్రహింపదగినది

ఈ చరిత్రయంతయు చూచిన పిదప ఒక నిర్ణయము స్థిరపడుచున్నది. లెక్క వ్రాయు పద్ధతిని ప్రకటించిన చోట పరులును మన సొత్తును కాపాడగలిగిరి. దాచిన చోట ఏండ్ల తరబడి ఓర్పు గలవారు చెవియొగ్గి నేర్చుకొనవలసివచ్చెను. సౌరాష్ట్రుల పెట్టెలో త్యాగరాజ కృతి నిలిచినదన్న, ఆ వ్రాత తరువాతివారికి చదువ వీలైనది యగుటచేతనే గదా!

కావున మన సంఘములకు, పాఠశాలలకు కొన్ని పద్ధతులు సూచించుచున్నాను. చేతినుండి చేతికి పోవు డిస్కునకు ఎక్స్‌ఫాట్ తగినది. నేటి మూడు ప్రధాన వ్యవస్థలును దానిని చదివి వ్రాయగలవు. కాని దానిలో, చేయబోవు మార్పులను ముందుగా నమోదు చేసికొను చిత్తుపద్దు లేదు. వ్రాయుచుండగా ఊడబెఱికినచో లెక్క చెడును. స్థిరముగా దాచు ప్రతికి అట్టి పద్దు గల ఎన్.టి.ఎఫ్.ఎస్. గాని ఎక్స్ట్ 4 గాని మేలు. ప్రతి ముఖ్యమైన వ్రాతకు రెండు ప్రతులు, రెండు వేఱు వ్యవస్థల డిస్కులమీద, రెండు వేఱు ఇండ్ల నుంచవలెను. ఫైలు పేరు పొట్టిదై, సంవత్సరముతో మొదలై, ప్రశ్నార్థకము, రెండు చుక్కలు లేనిదై యుండవలెను. ఆ చిహ్నములను లినక్స్ అంగీకరించును గాని విండోసు అంగీకరింపదు. పాత ఫాంటుల వ్రాతలను యూనికోడునకు మార్చి, అచ్చురూపపు ఫైలుతో పాటు ఏ యలంకారమును లేని సాదా పాఠముగా గూడ ఒక ప్రతి నుంచవలెను. ఫార్మాటు చేయవలెనా యని యంత్రమడిగినపుడు, మఱొక వ్యవస్థ తెలిసినవారికి చూపువఱకు వలదనియే చెప్పవలెను.

మధుర, కోయంబత్తూరు ప్రాంతములలోని తెలుగు సంఘములు తమ వార్షికోత్సవములకు అంగముగా ఒక దినమును ఈ పనికి కేటాయించినచో, పెద్దల యిండ్ల నున్న పాత డిస్కులు తెచ్చి, విండోసు తెలిసినవారును లినక్స్ తెలిసినవారును తెలుగు చదువగలవారును ఒకే బల్లయొద్ద కూర్చుండి వానిని తెఱచి, పట్టిక వ్రాసి, ప్రతులు తీయవచ్చును. దానికి కావలసిన సాధనములలో అధికభాగము ఉచితముగానే దొరకుచున్నవి.